ఆసుపత్రిలో పొగ వద్దు, ఇంటికి వెళ్ళాకా వద్దు

(మే 31, ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం సందర్భంగా, రోగుల వెంట వచ్చిన కుటుంబ సభ్యులతో మన ఆసుపత్రి ఓ.పి. వరండాలో సిస్టర్ చేసిన ప్రసంగ పాఠం)



కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు, కడప వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారు. కొందరు నిన్న రాత్రే వచ్చి ఈ వరండాలో చాప పరచుకుని పడుకున్నారు. కొందరు తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకుని వచ్చారు. లోపల మన మనిషికి ఎట్లుందో అనే దిగులు మీ అందరికీ ఉంది. అందుకని ఎక్కువసేపు మాట్లాడను. మధ్యలో డాక్టరు గారు పిలిస్తే లేచి వెళ్ళండి, మొహమాటం వద్దు.

ఈరోజు మాట్లాడేది పొగ గురించి. బీడీ గానీ, సిగరెట్టు గానీ, చుట్ట గానీ, ఏదైనా సరే. గేటు దగ్గర బోర్డు చూశారు కదా, "ఈ ఆవరణలో పొగ తాగరాదు" అని. ఆ బోర్డు చూసి మీలో కొందరికి కోపం వస్తుందని నాకు తెలుసు. "సిస్టరమ్మా, వార్డులో వద్దంటే సరే. బయట చెట్టు కింద నిలబడి తాగితే మీ సొమ్మేం పోతుంది?" అని అడిగేవాళ్ళు రోజూ ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెబుతాను. తర్వాత అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉంది, అదీ చెబుతాను.

చెట్టు కింద కూడా ఎందుకు వద్దు?

మొదటి కారణం ఆక్సిజన్. వార్డుల్లో ఆక్సిజన్ సిలిండర్లు ఉంటాయి. ఆక్సిజన్ తనంతట తాను మండదు. కానీ అది ఉన్నచోట చిన్న నిప్పురవ్వ పడినా భగ్గున అంటుకుంటుంది. ముక్కుకు గొట్టం పెట్టుకున్న మనిషి పక్కన ఎవరైనా అగ్గిపుల్ల గీస్తే ముందు కాలేది ఆ రోగి ముఖమే. మరుగుదొడ్లో దాక్కుని తాగి, పూర్తిగా ఆరని బీడీ ముక్కను చెత్తబుట్టలో పడేసినా ప్రమాదమే.

రెండవ కారణం గాలి. మన వార్డుల కిటికీలు పగలూ రాత్రీ తెరిచే ఉంటాయి. ఈ ఎండలకు మూసుకుని ఉండలేము కదా. చెట్టు కింద వదిలిన పొగ కిటికీలో నుంచి లోపలికి వస్తుంది. ఆయాసంతో కూర్చుని నిద్రపోయే ముసలాయనకు, ఆపరేషన్ అయిన మనిషికి, పురిటి వార్డులో మూడు రోజుల పసిబిడ్డకు ఆ పొగ ఎందుకు?

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పేరు మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు. నూరేళ్ళకు పైగా కిందట, 1910లలో మిషన్లన్నీ కలిసి అక్కడ క్షయ రోగులకు ఆసుపత్రి పెట్టాయి. అప్పటికి క్షయకు మందుల్లేవు. మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే వైద్యం. ఇప్పుడు మందులు వచ్చాయి, ఆరు నెలలు సరిగా వాడితే చాలామందికి క్షయ నయమవుతుంది. అయినా ఊపిరితిత్తుల జబ్బుకు మంచి గాలి కావాలన్న మాట మాత్రం మారలేదు. ఆసుపత్రి ఆవరణలో గాలి కూడా వైద్యంలో భాగమే.

మూడవ కారణం మీరు ఊహించి ఉండరు. లోపల మంచం మీద పడుకున్న రోగి కూడా చాలాసార్లు పొగ అలవాటున్న మనిషే. రెండు రోజులుగా, మూడు రోజులుగా బీడీ లేకుండా పళ్ళు బిగించి ఉంటాడు. అటువంటి మనిషి పక్కకు మీరు బయట తాగి వచ్చి కూర్చుంటారు. మీ చొక్కాకు, చేతికి ఉన్న వాసన చాలు, ఆయన ప్రాణం గిలగిలా కొట్టుకోవడానికి.

చట్టం ఏం చెబుతుంది?

ఇది మా ఒక్క ఆసుపత్రి పెట్టుకున్న పద్ధతి కాదు. మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న ఆసుపత్రి భవనాలు, బడులు, కోర్టులు, ఆఫీసులు, బస్సులు, రైళ్ళు వంటి చోట్ల పొగ తాగకూడదని ఆదేశించింది. తర్వాత 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2, గాంధీ జయంతి నుంచి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. బహిరంగ స్థలంలో పొగ తాగితే 200 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. బోర్డు పెట్టడం, తాగుతుంటే ఆపించడం ఆ స్థలం బాధ్యులు చేయవలసిన పని. వాళ్ళు పట్టించుకోకపోతే వాళ్ళకూ జరిమానా ఉంది.

చట్టం జాబితాలో "ఆసుపత్రి భవనాలు" అని ఉంది. చెట్ల కింద, సైకిల్ స్టాండు దగ్గర, వంటల షెడ్డు వెనక కూడా వద్దని ఆవరణ మొత్తానికి వర్తింపజేసుకున్నది మన ఆసుపత్రి నియమం. ఎందుకో పైన చెప్పాను. వాచ్‌మన్ వచ్చి వద్దంటే ఆయన మీద కోపపడకండి. ఆయన పని ఆయన చేస్తున్నాడు. మీ దగ్గర రెండు వందలు వసూలు చేయాలని ఇక్కడ ఎవరికీ లేదు. ఆ డబ్బుతో మీ రోగికి నాలుగు కోడిగుడ్లు, పాలు కొనిపెట్టండి.

ఏ వార్డుకు వెళ్ళినా పొగ కనిపిస్తుంది

పొగ అంటే క్యాన్సర్ ఒక్కటే అనుకుంటారు. బీడీ కట్ట మీద, సిగరెట్టు పెట్టె మీద బొమ్మలు చూసి చూసి అలవాటైపోయి ఉంటుంది. కానీ మా వార్డుల్లో ఒక్కొక్క మంచం దగ్గరికీ వెళితే పొగ ఎన్ని రకాలుగా పని చేస్తుందో తెలుస్తుంది.

క్షయ రోగిని తీసుకోండి. తమిళనాడులో చనిపోయిన 43 వేల మంది మగవాళ్ళ వివరాలు సేకరించి డాక్టర్ గజలక్ష్మి, రిచర్డ్ పీటో, మరికొందరు చేసిన పరిశీలన 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పొగ తాగనివాళ్ళతో పోలిస్తే తాగేవాళ్ళు క్షయతో చనిపోవడం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ అని తేలింది. మన పక్క రాష్ట్రం సంగతి ఇది. టీబీ మాత్రలు మింగుతూ బీడీ తాగడమంటే ఒక చేత్తో నీళ్ళు పోసి, ఇంకో చేత్తో కుండకు చిల్లు పెట్టడమే.

షుగరు రోగి కాలి పుండు చూడండి. పొగలోని నికోటిన్ సన్న రక్తనాళాలను బిగించేస్తుంది. పుండుకు రక్తం అందదు. రక్తం అందని పుండుకు ఎంత ఖరీదైన మందు వాడినా మానదు. కొందరికి షుగరు లేకపోయినా, వయసు ముప్ఫై ఐదో, నలభయ్యో అయినా, కాలివేళ్ళు నల్లబడతాయి. నాలుగు అడుగులు వేస్తే పిక్కలు పట్టేస్తాయి. దీన్ని బర్జర్ జబ్బు అంటారు. ఇది దాదాపుగా పొగాకు వాడేవాళ్ళకే వస్తుంది. పూర్తిగా మానేస్తే చాలామందికి కాలు దక్కుతుంది. మానకపోతే మొదట వేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింది దాకా తీసేయవలసి వస్తుంది.

యాక్సిడెంటులో ఎముక విరిగినవాళ్ళున్నారు. పొగ తాగేవాళ్ళకు ఎముక అతకడం ఆలస్యం. ఆపరేషన్ కుట్లు మానడం ఆలస్యం, మత్తు ఇచ్చాక ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరే భయం ఎక్కువ. అందుకే ముందుగా అనుకుని చేసే ఆపరేషన్ అయితే కనీసం నాలుగు వారాల ముందు మానమని చెబుతాం. అంత వ్యవధి లేకపోతే ఒక్కరోజు ముందు మానినా కొంత మేలే. రక్తంలో చేరిన విషవాయువు ఆ ఒక్కరోజులో చాలావరకు దిగిపోతుంది.

మన ప్రాంతానికి ఇంకో సంగతి కూడా ఉంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ళ పనికి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. పులివెందుల వైపు ఒకప్పుడు రాతినార, అంటే ఆస్‌బెస్టాస్ గనులు నడిచాయి. ఊపిరితిత్తుల గొట్టాల్లో సన్నటి వెంట్రుకల వంటివి ఉంటాయి. లోపలికి పోయిన దుమ్మును చీపురుతో ఊడ్చినట్టు పైకి తోసేవి అవే. పొగ వాటిని చచ్చుపడేస్తుంది. అప్పుడు రాతిదుమ్మంతా లోపలే ఉండిపోతుంది. రాతినార దుమ్ము పీల్చిన మనిషి పొగ కూడా తాగితే క్యాన్సర్ ముప్పు ఒకటికి ఒకటి కలిసినట్టు కాదు, అనేక రెట్లు పెరుగుతుంది. మీ రోగి ఎప్పుడైనా క్వారీలోనో గనిలోనో పని చేసి ఉంటే డాక్టరు గారికి ఆ మాట తప్పకుండా చెప్పండి.

బీడీ చిన్నదే కదా అనకండి

"సిగరెట్టు కాదమ్మా, బీడీయే" అని తేలికగా చెబుతారు. బీడీలో పొగాకు తక్కువ, నిజమే. కానీ బీడీ ఆకులో నుంచి గాలి సరిగా ఆడదు. ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా లాగాలి. అట్లా లాగడంతో నికోటిన్, తారు, విషవాయువు సిగరెట్టుతో సమానంగా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగా లోపలికి పోతాయి.

మన సీమ పట్టణాల్లో బీడీలు చుట్టి పిల్లలను చదివించుకునే తల్లులున్నారు. నేను చెప్పే మాటలు వాళ్ళ మీద కోపంతో కాదు. వాళ్ళకు చెప్పేది ఒక్కటే. పొగాకు పొడి చేటను పిల్లలకు దూరంగా, గాలి ఆడేచోట పెట్టుకోండి. చేతులు కడుక్కున్నాకే అన్నం కలపండి, బిడ్డకు పాలివ్వండి.

ముఖ్యమైన మాట

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాను.

పొగ మానేసినవాళ్ళకు కష్టమంతా మొదటి కొద్ది రోజుల్లోనే ఉంటుంది. ఆఖరి బీడీ తాగిన కొద్ది గంటలకే ఇబ్బంది మొదలవుతుంది. రెండో రోజు, మూడో రోజు ఉధృతంగా ఉంటుంది. చిరాకు, కోపం, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, దేని మీదా మనసు నిలవకపోవడం, అందరి మీదా విసుక్కోవడం. వారం దాటేసరికి తగ్గుముఖం పడుతుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు పోతుంది.

మీ రోగి ఇక్కడ ఐదు రోజులు, వారం రోజులు ఉంటాడు. లేవలేక కొంత, మేము వద్దనడం వల్ల కొంత, బీడీ లేకుండానే గడుపుతాడు. అంటే అన్నిటికన్నా కష్టమైన రోజులను తెలియకుండానే దాటేస్తాడు. అటువంటి మనిషి డిశ్చార్జి అయ్యి, మందుల సంచి పట్టుకుని గేటు దాటి, బస్టాండులో దిగగానే ఏం చేస్తాడు? బంకు దగ్గరికి వెళ్ళి ఒకటి ముట్టిస్తాడు. వారం రోజులు పడిన అవస్థంతా ఆ ఒక్కదానితో వృథా అయిపోతుంది. పదిహేను రోజులకు మళ్ళీ అదే మంచం, అదే ఆయాసం. మీకు మళ్ళీ అప్పు.

ఆసుపత్రిలో మేము నిషేధం పెట్టగలం. బస్టాండులో పెట్టలేము, మీ ఇంటి అరుగు మీద పెట్టలేము. అక్కడ మీరే ఉండేది.

ప్రేమతో తెచ్చే బీడీ

మాకు వార్డుల్లో బీడీలు దొరుకుతుంటాయి. దిండు కింద, అన్నం క్యారియర్ అడుగు గిన్నెలో, పంచె రొండిలో. అవి ఎట్లా వచ్చాయి? రోగి లేచి వెళ్ళి కొనుక్కోలేదు కదా. ఇంటివాళ్ళే తెచ్చి ఇస్తారు. ఒక తల్లి నాతో ఏడుస్తూ చెప్పింది, "ఆయప్ప అట్ల అల్లాడుతుంటే చూడలేక తెచ్చినానమ్మా" అని. అప్పటికే ఆయన కాలివేళ్ళు రెండు తీసేశారు. ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయనకు ఏది కావాలంటే అది అందించిన చేయి అది.

కానీ అమ్మా, అన్నా, ఒక్కటి ఆలోచించండి. ఆ అల్లాట ఎంతసేపు ఉంటుంది? బీడీ కావాలనే ఆత్రం వచ్చిన ప్రతిసారీ మూడు నుంచి ఐదు నిమిషాలు ఉండి, తాగినా తాగకపోయినా తగ్గిపోతుంది. అటుపోటు వంటిది అది. ఆ ఐదు నిమిషాలు ఆయన పక్కన కూర్చుని చేయి పట్టుకుంటే చాలు. బీడీ అందిస్తే మాత్రం మళ్ళీ రెండు గంటలకు అదే అల్లాట మొదటి నుంచి వస్తుంది.

ఇంటివాళ్ళు చేయవలసినవి

ఒకటి. తిట్టవద్దు, పదిమందిలో సిగ్గుపడేట్టు చేయవద్దు. "నీ వల్లే ఇంటికి ఈ గతి పట్టింది" అంటే మనిషి ఆ బాధకు మళ్ళీ బీడీ పట్టుకుంటాడు. "ఈరోజుకు ఆరు రోజులైంది" అని లెక్క చెప్పండి. మనవడితోనో మనవరాలితోనో చెప్పిస్తే ఇంకా మంచిది.

రెండు. ఆత్రం వచ్చినప్పుడు నాలుగు పనులు నేర్పండి. కాసేపు ఆగాలి. గుక్కగుక్కగా ఒక గ్లాసు నీళ్ళు తాగాలి. కళ్ళు మూసుకుని పది సార్లు నిదానంగా గాలి పీల్చి వదలాలి. వేరే పని పెట్టుకోవాలి. చేతికీ నోటికీ పని కావాలి కాబట్టి గుప్పెడు బొరుగులు, వేయించిన శనక్కాయలు, సోంపు, లవంగం దగ్గర పెట్టండి. షుగరు ఉన్నవాళ్ళకు బెల్లం, చాక్లెట్లు వద్దు.

మూడు. రోగి ఇంటికి రాకముందే ఒకరు వెళ్ళి ఇల్లు సర్దండి. బీడీ కట్టలు, చొక్కా జేబుల్లో ముక్కలు, లైటరు, అన్నీ తీసేయండి. పొగ వాసన పట్టిన దుప్పట్లు ఉతికి ఎండలో వేయండి.

నాలుగు. ఇంట్లో ఇంకెవరైనా తాగుతుంటే వాళ్ళు కూడా ఆ రోజు నుంచే మానితే అంతకన్నా మంచి సాయం లేదు. తండ్రి మానాలని కొడుకు చెబుతూ తానే వాకిట్లో ముట్టిస్తే ఆ మాట నిలవదు. మానలేకపోతే కనీసం ఇంటి లోపల, అరుగు మీద, ఆయన కంటి ముందు తాగవద్దు. గర్భిణి, పసిబిడ్డ ఉన్న ఇంట్లో అసలే వద్దు. పొగ పీల్చిన గర్భిణికి బిడ్డ బరువు తక్కువగా పుట్టే భయం ఉంది.

ఐదు. కాఫీ, టీ సగానికి తగ్గించండి. పొగ తాగే మనిషి ఒంట్లో కాఫీ, టీల ఉద్రేకం త్వరగా దిగిపోతుంది. మానేశాక అదే రెండు కప్పులు ఎక్కువసేపు పని చేసి నిద్ర పట్టకుండా చేస్తాయి. టీ బంకుకు, బీడీకి ఉన్న చుట్టరికం మీకు తెలిసిందే.

ఆరు. డబ్బు కళ్ళకు కనిపించేట్టు చేయండి. రోజుకు ముప్ఫై రూపాయలు పొగకు పోతుందనుకుందాం. నెలకు 900, ఏడాదికి 10,950 రూపాయలు. ఒక డబ్బా పెట్టి ఏ రోజు డబ్బు ఆ రోజు అందులో వేయించండి. ఉగాదికి ఆ డబ్బా పగలగొట్టినప్పుడు ఆ మనిషి ముఖంలో వెలుగు చూడండి.

మందులు, సలహా

మనసు గట్టిగా చేసుకుంటే చాలు అంటారు. కొందరికి చాలు. చాలామందికి సాయం కావాలి. నిద్రలేవగానే మంచం దిగకముందే బీడీ ముట్టించే మనిషికి అలవాటు బాగా ముదిరిందని అర్థం. అటువంటివాళ్ళకు నికోటిన్ చూయింగ్ గమ్, ఇంకా వేరే మాత్రలు కూడా ఉన్నాయి. నికోటిన్ మందులను 2022లో మన దేశపు అత్యవసర మందుల జాబితాలో కూడా చేర్చారు. గమ్‌ను పిల్లల బబుల్‌గమ్‌లాగా నమలకూడదు. నిదానంగా నాలుగైదు సార్లు నమిలి, నోట్లో చురుక్కుమనగానే చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. వేసుకునే ముందు పావుగంట సేపు కాఫీ, టీ తాగకూడదు. గుండెపోటు వచ్చినవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఇంకో జాగ్రత్త. ఆయాసానికి థియోఫిలిన్ ఉన్న మాత్రలు వాడేవాళ్ళు, షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పొగ మానేశాక మందు మోతాదు మార్చవలసి రావచ్చు. పొగ లేని ఒంటికి అదే మోతాదు ఎక్కువ కావచ్చు. "మానేశాను" అని డాక్టరు గారికి చెప్పండి. సంతోషపడతారు, మందూ సరిచేస్తారు.

ఇంటికి వెళ్ళాక సలహాకు ఒక ఫోన్ నంబరు ఉంది: 1800-11-2356. ఇది భారత ప్రభుత్వానిది, డబ్బు ఖర్చు లేదు. 2018 సెప్టెంబరు నుంచి పొగాకు పెట్టెల మీద కూడా దీన్ని అచ్చు వేస్తున్నారు. తెలుగులో మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఈ పుస్తకం అట్ట చింపి అయినా ఆ నంబరు గోడకు అతికించుకోండి.

మీరు అడిగే ప్రశ్నలు

"నలభై ఏండ్ల నుంచి తాగుతున్నాడు, ఇప్పుడు మానితే ఏం లాభం?" ఉంది. ఆఖరి బీడీ ఆరిన ఇరవై నిమిషాలకే గుండె వేగం తగ్గుతుంది. పన్నెండు గంటల్లో రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. ఏడాదికి గుండెజబ్బు ముప్పు తాగేవాళ్ళతో పోలిస్తే సగమవుతుంది. అరవై ఏళ్ళకు మానినవాళ్ళకు కూడా ఆయుష్షు కలిసివస్తుంది.

"ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి వస్తుందంటారు కదా?" పొగ విషయంలో అట్లా ఏమీ రాదు. ఇబ్బంది ఉంటుంది, ప్రమాదం లేదు. సారాయి సంగతి వేరు. రోజూ బాగా తాగే మనిషి మద్యం ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్స్ రావచ్చు. మీ రోగికి ఆ అలవాటు కూడా ఉంటే దాచకుండా చెప్పండి. మేము ఎవరికీ చెప్పము.

"బీడీ తాగకపోతే పొద్దున విరేచనం కాదు." ఇది నిజమే, చాలామందికి జరుగుతుంది. నికోటిన్ పేగులను తోయడం ఒంటికి అలవాటైపోయింది. కొద్ది వారాల్లో ఒళ్ళు తన పద్ధతి తాను నేర్చుకుంటుంది. అంతవరకు లేవగానే గోరువెచ్చని నీళ్ళు, తిండిలో జొన్నరొట్టె, ఆకుకూర, అరటిపండు, కాస్త నడక. అప్పటికీ కాకపోతే మందు ఇస్తాం. దీనికోసం బీడీ అక్కరలేదు.

"మానేశాక దగ్గు ఎక్కువైంది." భయపడవద్దు. పైన చెప్పాను కదా, ఊపిరితిత్తుల్లోని ఆ సన్నటి చీపుర్లు మళ్ళీ పని మొదలుపెట్టాయి. పేరుకున్న కఫాన్ని బయటికి తోస్తున్నాయి. కొన్ని వారాల్లో తగ్గుతుంది. రక్తం పడినా, రెండు వారాలు దాటినా వచ్చి కఫం పరీక్ష చేయించుకోండి.

"పొగ మాని వక్కాకులో పొగాకు వేసుకుంటే?" వద్దు. ఖైనీ, గుట్కా, వక్కాకులో పొగాకు నోటి క్యాన్సర్‌కు దారి. ఇది ఆడవాళ్ళకూ చెబుతున్నాను. నోట్లో తెల్లమచ్చ, మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా చూపించండి.

"మానినాడు, మళ్ళీ మొదలుపెట్టినాడు." చాలామందికి మొదటిసారే కుదరదు. రెండు మూడు సార్లు జారి, తర్వాత నిలదొక్కుకున్నవాళ్ళే ఎక్కువ. ఎక్కడ జారాడో చూడండి. పెళ్ళి విందులోనా, పంట నష్టం వచ్చినప్పుడా, పాత స్నేహితుడు కలిసినప్పుడా? తర్వాతిసారి ఆ చోట మీరు పక్కన ఉండండి.

మన దేశంలో 2016-17లో జరిగిన పెద్ద సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి 28 మందికి పైగా పొగాకు ఏదో ఒక రూపంలో వాడుతున్నారని తేలింది. అదే సర్వేలో పొగ తాగేవాళ్ళలో సగానికి పైగా మానాలని ఆలోచిస్తున్నామని చెప్పారు. మీ ఇంటి మనిషి కూడా మనసులో ఎక్కడో ఆ మాట అనుకునే ఉంటాడు. బయటికి చెప్పడు అంతే.

వార్డుకు వెళ్ళేటప్పుడు నర్సుల టేబుల్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మీ రోగికి పొగ అలవాటు ఉందా, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, ఇంట్లో ఇంకా ఎవరు తాగుతారు, ఈ మూడూ చెప్పండి. కేసు షీటులో రాసుకుంటాం. డిశ్చార్జి రోజు డాక్టరు గారు మందుల చీటీతో పాటు పొగ మానే సలహా కూడా ఇస్తారు. ఆ రోజు బస్టాండుకు రోగిని ఒంటరిగా పంపకండి. ఎవరైనా ఒకరు పక్కన ఉండి, బస్సు ఎక్కించి, ఇంటిదాకా తోడు వెళ్ళండి.

మీ జేబుల్లో బీడీ కట్టలు ఉంటే గేటు దగ్గర పెట్టెలో వేయవచ్చు. ఎవరు వేశారని ఎవరూ అడగరు.

 మీ మనుషులు త్వరగా కోలుకోవాలి.